ఇరవై అయిదు గజాల అవతల

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లి వచ్చే తెలుగు తల్లిదండ్రులు బంధువులకు పంపే ఫొటోల్లో ఎల్లోస్టోన్ ఫొటో తరచుగా ఉంటుంది. అందులో ముందువరసలో కుటుంబమంతా నిలబడి ఉంటే, వెనక విశాలమైన గడ్డిమైదానం, దానికి ఆవల పైన్ చెట్లు కమ్మిన కొండలు, ఆ మైదానం నడుమ ఎక్కడో ఒక నల్లని చుక్క కనిపిస్తాయి. ఆ చుక్క బైసన్ అని, అంటే మన అడవిదున్నకు దూరపు బంధువైన అమెరికా ఖండపు మహాకాయ పశువు అని, ఫొటో కింద విడిగా రాస్తే తప్ప తెలియదు. చూసేవారు తెరమీద రెండు వేళ్లు ఆనించి చుక్కను సాగదీస్తారు. అది మసకబారుతూ పెద్దదవుతుందే కాని ఎంతకీ జంతువుగా మారదు. హైదరాబాద్ జూపార్కులో కంచె దగ్గర నిలబడి తీరిగ్గా చూడగలిగిన పెద్దపులి కన్నా, సముద్రాలు దాటి వెళ్లి చూసిన ఈ చుక్క ఏ విధంగా గొప్పదన్న ప్రశ్న అలాంటి ప్రతి ఫొటో వెనకా ఉంటుంది. ఎవరూ దాన్ని పైకి అడగరు. బాగుందని బొటనవేలి గుర్తు పెట్టి ముందుకు సాగిపోతారు. అయినా అడగదగిన ప్రశ్న అది. అంత దూరం వెళ్లినవారిని చివరి నాలుగడుగులు వేయనివ్వకుండా ఆపుతున్నది ఏమిటి? ఆ ఆపడంలోనే ఆ ప్రదేశపు సౌందర్యానికి సంబంధించిన సంగతి ఏదైనా దాగి ఉందా?

ఆపుతున్నది ముందుగా ఒక నియమం. ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో బైసన్, ఎల్క్ వంటి జంతువులకు కనీసం 25 గజాల దూరంలోను, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు కనీసం 100 గజాల దూరంలోను మనుషులు ఉండాలి. ఎల్క్ అంటే మన కణుజును తలపించే పెద్ద కొమ్ముల జింక. నియమానికి వెంటనే తోచే కారణం మనుషుల భద్రత. ఎదిగిన మగ బైసన్ తొమ్మిది వందల కిలోల బరువు తూగుతుంది, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది, అంటే ఇరవై అయిదు గజాలు దాటడానికి దానికి రెండు సెకన్లు కూడా అక్కర్లేదు. ఈ లెక్కను బట్టి చూస్తే ఆ దూరం మనిషిని పూర్తిగా కాపాడగలిగింది కూడా కాదు. మరి అది ఎవరి కోసం? మేస్తున్న జంతువు తల ఎత్తి చూసిందంటే, మేత మానిందంటే, దారి మార్చుకుందంటే, మనిషి ఎంత దూరంలో ఉన్నా అది ఎక్కువ దగ్గరేనని ఉద్యానవన ఉద్యోగులు సందర్శకులకు చెబుతారు. ఈ కొలతను గజాల్లో చెప్పడం సౌకర్యం కోసమే. దాన్ని నిర్ణయించే హక్కు నిజానికి జంతువు దగ్గర ఉంది. చూసేవాడి ఉనికి చూడబడేదాని జీవితంలోకి ప్రవేశించకూడదన్న ఈ భావన వినడానికి తేలికగా ఉంటుంది. అమెరికా దీన్ని నేర్చుకోవడానికి వంద సంవత్సరాలు పట్టింది.

ఆగస్టు నెల మొదటి పక్షంలో హేడెన్ లోయ అంచున నిలబడినవారికి ఆ దూరం విలువ ఎంతోకొంత అర్థమవుతుంది. ఎల్లోస్టోన్ నది మెలికలు తిరుగుతూ పారే ఆ లోయ ఒకప్పుడు సరస్సు అడుగున ఉండేది. ఆనాడు పేరుకున్న ఒండ్రు మట్టి నీటిని లోపలికి ఇంకనివ్వదు కనుక అక్కడ చెట్లు పెద్దగా పెరగవు, గడ్డి పెరుగుతుంది, ఆ గడ్డి కోసం బైసన్ మందలు దిగుతాయి. అది వాటి జతకట్టే కాలం. మగవి గొంతు లోతుల్లోంచి తీసే గర్జన లోయకు ఆ పక్కనుంచి ఈ పక్కకు వినిపిస్తుంది. దుమ్ములో పడి పొర్లుతాయి, ఒకదానికొకటి పక్కకు తిరిగి శరీర పరిమాణం చూపించుకుంటాయి, అంతటితో తేలకపోతే తలలు ఢీకొంటాయి. ఏప్రిల్, మే నెలల్లో నారింజ ఎరుపు రంగులో పుట్టిన దూడలు అప్పటికి ముదురు గోధుమ రంగుకు మారుతుంటాయి. చలికాలంలో ఇవే జంతువులు మూపుమీది కండరాల బలంతో తలను అటూ ఇటూ ఊపి మంచును తవ్వుకుని కింద మిగిలిన ఎండుగడ్డిని తింటాయి. ఇంత జీవితం జరుగుతున్న చోట చూసేవారిని ఏ జంతువూ పట్టించుకోదు. సందర్శకుడికి అందే గొప్ప బహుమానం ఆ నిర్లక్ష్యమేనేమో, ఎందుకంటే తనను లెక్కచేయని లోకం ఒకటి సంపూర్ణంగా నడుస్తూ ఉందన్న సంగతి మనిషికి రోజువారీ జీవితంలో తెలిసే అవకాశం చాలా తక్కువ. జూలో కంచె దగ్గరికి వచ్చే జంతువు మనిషి వైపే వస్తుంది, అతని చేతిలోని తిండి వైపు వస్తుంది. హేడెన్ లోయలోని చుక్క ఎవరి వైపూ రాదు.

ఒకప్పుడు ఉత్తర అమెరికా మైదానాల్లో కోట్ల సంఖ్యలో తిరిగిన ఈ జాతి పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తోలు వ్యాపారం కోసం కొందరు చంపారు, రైలుపెట్టెల కిటికీల్లోంచి వినోదం కోసం కొందరు చంపారు, బైసన్ మీద ఆధారపడిన ఆదివాసీ జాతులు లొంగిపోతాయన్న లెక్కతో సైనికాధికారులు ఆ వధను ప్రోత్సహించారు. 1902 నాటికి ఎల్లోస్టోన్‌లో మిగిలిన అడవి బైసన్లు సుమారు రెండు డజన్లు. ఇప్పుడు అక్కడ కొన్ని వేలు ఉన్నాయి. ఆ దేశంలో చరిత్ర పూర్వకాలం నుంచి ఎడతెగకుండా బైసన్ స్వేచ్ఛగా జీవించిన చోటు ఇది ఒక్కటే. 1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకంతో ప్రపంచంలో మొదటి జాతీయ ఉద్యానవనంగా ఎల్లోస్టోన్ ఏర్పడినప్పుడు, ఆ చట్టాన్ని తెచ్చినవారి మనసులో జంతువుల కన్నా వేడినీటి ఊటలు, జలపాతాలు, రంగుల రాతిలోయలు ఎక్కువగా ఉన్నాయి. అంతకు ముందు సంవత్సరం హేడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త నాయకత్వంలో వెళ్లిన సర్వే బృందంలోని చిత్రకారుడు థామస్ మొరాన్ గీసిన దృశ్యాలు, విలియం హెన్రీ జాక్సన్ తీసిన ఫొటోలు చట్టసభ సభ్యులను కదిలించాయి. ఉద్యానవనం పుట్టుకలో చిత్రపటానికి ఇంత పాత్ర ఉండటం వల్లనే కాబోలు, చాలాకాలం దాన్ని చిత్రపటంగానే చూశారు. ప్రజల ఆనందం కోసం అమర్చిన వేదికగా భావించారు.

వేదిక అన్న తరువాత నటులు కావాలి కదా. ఆ పాత్ర ఎలుగుబంట్ల మీద పడింది. హోటళ్ల వంటగదుల చెత్తను అడవిలో ఒకచోట పోగుచేసి, దాని చుట్టూ మెట్ల వరుసలుగా బల్లలు కట్టి, సాయంత్రం ఆ చెత్త తినడానికి వచ్చే గ్రిజ్లీ ఎలుగుబంట్లను వందల మంది కూర్చుని చూసేవారు. గ్రిజ్లీ అంటే భుజం మీద మూపురం వంటి కండ ఉండే పెద్ద గోధుమరంగు ఎలుగుబంటి. అటవీ రక్షకుడు గుర్రం మీద కూర్చుని ఉపన్యాసం ఇచ్చేవాడు. రోడ్ల పక్కన నల్ల ఎలుగుబంట్లు కార్ల అద్దాల దగ్గరకు వచ్చి కేకు ముక్కలు అడుక్కునేవి. ఆనాటి ఫొటోల్లో జంతువు చుక్కగా ఉండదు, తెరనిండా ఉంటుంది, పిల్లల చేతిని తాకుతూ ఉంటుంది, నవ్వు తెప్పించేంత చేరువగా ఉంటుంది. ఆ చేరువకు మూల్యం ఎవరు చెల్లించారు? 1931 నుంచి 1969 వరకు సగటున ఏడాదికి 48 మంది ఎలుగుబంట్ల వల్ల గాయపడ్డారు. చెత్తకు అలవాటుపడి ప్రమాదకరంగా మారిన ఎలుగుబంట్లను చంపవలసి వచ్చింది. 1970 ప్రాంతంలో చెత్తకుప్పలను మూసివేసినప్పుడు, ఒక్కసారిగా మూస్తే జంతువులు విలవిలలాడతాయని జాన్, ఫ్రాంక్ క్రెయిగ్‌హెడ్ అనే సోదర శాస్త్రవేత్తలు హెచ్చరించారు. వారి మాట వినలేదు, ఆ తరువాతి ఏళ్లలో చాలా గ్రిజ్లీలు చనిపోయాయి, 1975లో ఆ జాతిని అంతరించే ముప్పు పొంచి ఉన్నవాటి జాబితాలో చేర్చారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ప్రాంతమంతటిలో సుమారు వెయ్యి గ్రిజ్లీలు ఉన్నాయని అంచనా. అవి పైన్ గింజలు, చిమ్మటలు, వేళ్లు, ఎల్క్ దూడలు తిని బతుకుతున్నాయి, సందర్శకులకు అరుదుగా మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ అరుదుతనం తిరిగి సంపాదించుకున్నది. దాని వెనక ఎన్ని చావులున్నాయో తెలిసినవారు, ఎలుగుబంటి కనబడలేదని ఊరికే నిరాశ పడలేరు.

తోడేళ్ల కథ ఇంతకన్నా కఠినమైనది, ఇంతకన్నా ఉజ్జ్వలమైనది కూడా. ఎల్క్, జింకల వంటి మంచి జంతువులను తినే చెడ్డ జంతువులుగా వాటిని భావించి ఉద్యానవన అధికారులే వేటాడించారు. 1926లో చివరి రెండు తోడేలు పిల్లలను చంపడంతో ఎల్లోస్టోన్ తోడేలు లేని అడవి అయింది. దాదాపు డెబ్భై ఏళ్ల తరువాత, 1995లో కెనడాలోని ఆల్బర్టా నుంచి పద్నాలుగు, 1996లో బ్రిటిష్ కొలంబియా నుంచి పదిహేడు తోడేళ్లను తెచ్చి, కొన్ని వారాలపాటు కంచెల్లో ఉంచి, తరువాత వదిలారు. ఇప్పుడు అక్కడి లామార్ లోయలో చలికాలపు తెల్లవారుజామున, గడ్డకట్టిన రోడ్డు పక్కన త్రిపాదుల మీద స్పాటింగ్ స్కోపులు నిలబెట్టుకుని, అంటే దూరంలోని ప్రాణిని దగ్గరగా చూపే చిన్న దుర్భిణులు పెట్టుకుని, గంటల తరబడి వేచి ఉండే మనుషులు కనిపిస్తారు. వారు చూసే తోడేళ్లు మైలు దూరంలో, ఒక్కోసారి అంతకన్నా దూరంలో ఉంటాయి. వారిలో కొందరు ఏళ్లుగా అక్కడికే వస్తున్నవారు. ఏ మందలో ఏ ఆడతోడేలు పెద్దదో, ఏది ఎవరి సంతానమో, ఏది ఎప్పుడు కుంటిదయిందో చెప్పగలరు. కొత్తగా వచ్చిన అపరిచితులను పిలిచి తమ దుర్భిణిలోంచి చూడనిస్తారు. తాకలేనంత దూరంలో ఉన్నదాని గురించి ఇంత సన్నిహితమైన జ్ఞానం ఎలా సాధ్యమైంది? చేతికి అందిన ఎలుగుబంటి గురించి కేకు పెట్టినవారికి తెలిసింది ఎంత, మైలు దూరపు తోడేలు గురించి వీరికి తెలిసింది ఎంత అని పోల్చి చూస్తే, దగ్గరితనం అనేది దూరాన్ని తగ్గించడం వల్ల వచ్చేది కాదనీ, కాలాన్ని వెచ్చించడం వల్ల వచ్చేదనీ అనిపిస్తుంది.

అయితే ఆ ప్రేమకు సరిహద్దు మీద అధికారం లేదు. 2006లో పుట్టింది కనుక ఓ-సిక్స్ అని పిలుచుకున్న ఒక ఆడతోడేలు లామార్ లోయలో వేలమంది చూసి అభిమానించిన వేటగత్తె. 2012 డిసెంబరులో అది ఉద్యానవనం హద్దు దాటి వయోమింగ్ రాష్ట్రంలోని వేటభూమిలోకి వెళ్లింది, అక్కడ ఒక వేటగాడు చట్టబద్ధంగానే దాన్ని కాల్చి చంపాడు. బైసన్ల గతి కూడా ఇటువంటిదే. మంచు ఎక్కువైన ఏడాది అవి మేత కోసం ఉత్తరాన మొంటానా వైపు దిగితే, పశువులకు బ్రుసెల్లోసిస్ అనే గర్భస్రావ వ్యాధిని అంటిస్తాయన్న భయంతో చాలావాటిని పట్టి వధకు పంపుతూ వచ్చారు; ఆ వ్యాధి మొదట బైసన్లకు సోకింది ఐరోపా నుంచి తెచ్చిన పశువుల నుంచేనన్నది అంతగా గుర్తుచేయని విషయం. మనిషి పటం మీద గీసిన గీతకు ఒకవైపు నిలబడితే జాతి సంపద, మరొకవైపు అడుగు వేస్తే సమస్య. అలాంటప్పుడు ఆ గీత లోపల పాటించే మర్యాదకు పూర్తి అర్థం ఉన్నట్టేనా?

తోడేళ్ల రాకతో ఎల్లోస్టోన్ మొత్తం మారిపోయిందన్న కథ ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. తోడేళ్ల భయానికి ఎల్క్ ఏటి ఒడ్డులు వదిలాయని, అక్కడ విల్లో పొదలు ఏపుగా పెరిగాయని, వాటితో ఆనకట్టలు కట్టుకునే బీవర్లు తిరిగి వచ్చాయని, నదుల గమనమే మారిందని ఆ కథ చెబుతుంది. వినడానికి ఎంతో తృప్తినిచ్చే కథ. అక్కడ దశాబ్దాలుగా కొలతలు తీసుకుంటున్న శాస్త్రవేత్తల్లో చాలామంది దీన్ని ఇంత సూటిగా ఒప్పుకోరు. ఎల్క్ తగ్గడానికి తోడేళ్లతోపాటు కొండ సింహాలు, గ్రిజ్లీలు, ఉద్యానవనం బయటి వేట, కరువు కూడా కారణాలని, బీవర్లు వెళ్లిపోయాక నీటిమట్టం దిగిపోయిన ఏరుల ఒడ్డున విల్లోలు చాలాచోట్ల ఇప్పటికీ కోలుకోలేదని వారు చూపుతున్నారు. తీసేసినదాన్ని తిరిగి పెట్టినంత మాత్రాన పోయినదంతా తిరిగి రాదు. తోడేలు తిరిగి రావడం మహత్తరమైన విషయమే, దాన్ని అద్భుతంగా మలచి చెప్పుకోవలసిన అవసరం లేదు. అలా చెప్పుకుంటే, పాడుచేసి బాగుచేయడం తేలికేనన్న నమ్మకం ప్రబలుతుంది.

వేడినీటి ఊటల విషయంలో దూరం మరో విధంగా బోధపడుతుంది. ఎల్లోస్టోన్ కింద ఉన్న అగ్నిపర్వతపు వేడి వల్ల అక్కడ పదివేలకు పైగా ఉష్ణజల స్థానాలు ఏర్పడ్డాయి. భూమిలోని నీరు వేడెక్కి, ఇరుకు రాతి నాళంలో చిక్కుకుని, ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా ఆకాశంలోకి చిమ్మే గీజర్లు అక్కడే ఐదు వందలకు పైగా ఉన్నాయి, అంటే ప్రపంచంలోని గీజర్లలో దాదాపు సగం. చెక్కబాటల మీద నుంచి మాత్రమే వాటిని చూడాలి, ఎందుకంటే పక్కనున్న తెల్లని నేల పలుచని పొర మాత్రమే, దాని కింద మరిగే నీరు ఉంటుంది. ఇప్పటివరకు ఇరవై మందికి పైగా ఆ నీటిలో కాలి మరణించారు. మార్నింగ్ గ్లోరీ అనే కొలను ఒకప్పుడు తన పేరుగల పువ్వులా స్వచ్ఛమైన నీలంగా ఉండేది. తరాల తరబడి సందర్శకులు నాణేలు, రాళ్లు, చెత్త అందులో వేసినందువల్ల అడుగునున్న ఊట నోరు కొంత మూసుకుపోయి, నీటి వేడి తగ్గి, చల్లటి అంచుల్లో మాత్రమే బతకగల పసుపు, నారింజ రంగుల సూక్ష్మజీవులు లోపలికి పాకాయి. ఇప్పుడు ఫొటోల్లో ఎంతో అందంగా కనబడే ఆ రంగులు ఒక గాయపు రంగులు. నాణెం వేసినవారు దుర్మార్గులు కారు. కోరిక కోరుకుని భక్తితోనో ముచ్చటతోనో వేశారు. వారి ముచ్చటే కొలనును మార్చింది.

చేతులు కట్టుకుని చూసినవారికి ఆ నీళ్లు ఇచ్చినది వేరు. 1960లలో థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఆ ఊటల్లో, ఏ ప్రాణీ బతకదనుకున్న వేడిలో, హాయిగా జీవించే బాక్టీరియాను గుర్తించి, దానికి థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టాడు. వేడికి చెడని దాని ఎంజైము ఆధారంగానే తరువాత పీసీఆర్ పద్ధతి, అంటే అణుమాత్రమైన జన్యు పదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి గుర్తించే విధానం, విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఆ పద్ధతికి కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. కరోనా రోజుల్లో గుంటూరులోనూ వరంగల్‌లోనూ ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనాలను పరీక్షించిన పద్ధతికి మూలం ఎవరూ స్నానం చేయని, ఎవరూ మళ్లించని ఒక వేడి ఊట. ఆ ఊటను కాపాడినవారికి అందులో ఏమున్నదో తెలియదు. ఏమున్నదో తెలియకుండానే కాపాడారు. కాపాడటానికి ఉపయోగం తెలిసి ఉండాలన్న షరతు పెట్టుకుని ఉంటే అది ఎప్పుడో స్నానశాల అయి ఉండేది.

నిప్పు విషయంలో చెయ్యి ముడుచుకోవడం ఎంత కష్టమో 1988 వేసవి చూపించింది. పిడుగు వల్ల రేగిన మంటలను వాటంతట అవే ఆరనివ్వాలన్న విధానం అప్పటికి పదహారేళ్లుగా ఉంది; ఆ ఏడాది తీవ్రమైన కరువులో, గాలిలో, మంటలు అదుపుతప్పి ఉద్యానవనంలో 36 శాతం నేలను తాకాయి, వేలమంది సిబ్బంది పోరాడినా సెప్టెంబరులో మంచు కురిసేదాకా తగ్గలేదు. ఎల్లోస్టోన్ నాశనమైందని పత్రికలు రాశాయి. కాని అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ అనే చెట్టు కాయల్లో కొన్ని జిగురుతో గట్టిగా మూసుకుని ఉంటాయి, మంట వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. మరుసటి ఏడాది బూడిదలో మొలకలు కనిపించాయి. ఈ రోజు ఆ దారిలో వెళ్లేవారు చూసే దట్టమైన, ఒకే ఈడు చెట్ల అడవి ఆ వేసవి సంతానం.

ఈ దూరపు పాఠం ఎల్లోస్టోన్‌కే పరిమితం కాదు. తూర్పున టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని గ్రేట్ స్మోకీ పర్వతాల్లో మే చివర, జూన్ మొదట్లో కొద్ది రాత్రులు ఒక జాతి మిణుగురులు వేల సంఖ్యలో ఒకే లయలో వెలిగి, ఒక్కసారిగా ఆరి, కొన్ని సెకన్ల చీకటి తరువాత మళ్లీ కలిసి వెలుగుతాయి. చూడాలనుకునేవారిని లాటరీ ద్వారా ఎంపిక చేస్తారు. వచ్చినవారు టార్చిలైటుకు ఎర్ర కాగితం కట్టి నేలవైపే వేయాలి, ఫోను వెలుగు కూడా పడకూడదు. మగ మిణుగురు వెలిగేది ఆడదాని జవాబు కోసం. మనిషి వెలుగు ఆ సంభాషణను తెంపుతుంది. చూడటానికి తన దీపాన్ని ఆర్పుకోవలసి రావడం ఎంత న్యాయమైన షరతు! పశ్చిమాన గ్రాండ్ కాన్యన్‌లో దూరం మరో రూపం ధరిస్తుంది. మైలు లోతున కొలరాడో నది ఒరుసుకుపోయే నల్లని రాళ్ల వయసు సుమారు 175 కోట్ల సంవత్సరాలు. వాటిని విష్ణు షిస్ట్ అంటారు, షిస్ట్ అంటే వేడికి, ఒత్తిడికి మారిపోయి పొరలుగా చీలే రాయి. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1880ల ప్రాంతంలో ఆ లోయలోని రాతి శిఖరాలకు విష్ణు, శివ ఆలయాలని పేర్లు పెట్టడంతో అక్కడ దేవతల పేర్లు పెట్టే సంప్రదాయం మొదలైంది. అంచున నిలబడిన తెలుగు యాత్రికుడు పటంలో ఆ పేర్లు చూసి సంతోషిస్తాడు, సహజమే. అక్కడ శతాబ్దాలుగా ఉన్న హవసుపాయ్ ప్రజలు ఆ శిఖరాలను ఏమని పిలుచుకున్నారన్న ప్రశ్న ఆ సంతోషంలోనే రావాలి.

ఈ ఆలోచన అంతా ఇక్కడికి వచ్చి ఆగక తప్పదు. దూరం గొప్పదని ఇంతవరకు చెప్పినదంతా సందర్శకుడి విషయంలో నిజం. అదే దూరాన్ని అక్కడ పుట్టి పెరిగిన ప్రజల మీద బలవంతంగా రుద్దినప్పుడు దాన్ని ఏమనాలి? కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలోకి 1851లో సాయుధ దళం ప్రవేశించింది అక్కడి అహ్వానీచీ ప్రజలను తరిమివేయడానికి. లోయ అందాన్ని లోకానికి చాటిన మొదటి తెల్లవారిలో ఆ దళం వారే ఉన్నారు. ఎల్లోస్టోన్‌లో మనుషులు తిరిగిన ఆనవాళ్లు పదకొండు వేల ఏళ్ల నాటివి దొరికాయి. అక్కడి అబ్సిడియన్, అంటే అగ్నిపర్వతపు గాజురాయి, వ్యాపారంలో చేతులు మారుతూ ఒహాయో దాకా చేరింది. కొండగొర్రెల వేటలో ఆరితేరిన టుకుడికా షొషోనీలు అక్కడ ఏడాది పొడుగునా నివసించారు. వారిని ప్రత్యేక నివాస ప్రాంతాలకు తరలించి, ఆదివాసులు గీజర్లంటే భయపడి ఎప్పుడూ ఇటు రాలేదని ఒక అబద్ధాన్ని ప్రచారం చేశారు. మనిషి అడుగు పడని అడవి అని నేటి సందర్శకుడు మురిసిపోయే దృశ్యంలో ఆ నిర్మానుష్యత ప్రకృతి సిద్ధం కాదు, తయారు చేసినది.

ఈ నమూనా అక్కడితో ఆగలేదు. ఎల్లోస్టోన్ పుట్టిన సరిగ్గా నూరేళ్లకు, 1972లో, భారతదేశం వన్యప్రాణి రక్షణ చట్టం చేసినప్పుడు జాతీయ ఉద్యానవనం అనే విభాగాన్ని అందులో చేర్చింది. మనుషుల హక్కులు లేని అడవి అన్న భావన ఆ విభాగంలో ఉంది. పులుల అభయారణ్యాలు వచ్చాక నల్లమలలో చెంచులు ఎదుర్కొన్న ప్రశ్న టుకుడికాల ప్రశ్నకు దూరమైనది కాదు. అహోబిల నరసింహుడికి చెంచులక్ష్మిని ఇచ్చి పెళ్లి చేసిన తెలుగు జాతి, అడవి అంటే మనిషి ఉండకూడని చోటు అన్న భావనను ఇంత సులువుగా ఎలా ఒప్పుకుంది? నాగార్జునసాగర్ శ్రీశైలం ప్రాంతంలో పులుల జాడ తీసే కాపలాదారులుగా చెంచులు పనిచేస్తున్నారు. పులికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో వారికి బోర్డు పెట్టి చెప్పవలసిన పని లేదు. సందర్శకుడు పాటించే దూరం తెలియనితనం వల్ల అవసరమైనది. తెలిసినవారిని ఆ తెలియనివారి నియమంతో కొలిచి బయటకు పంపడం అన్యాయం, నల్లమలలోనైనా ఎల్లోస్టోన్‌లోనైనా.

సందర్శకుడి వరకు మాత్రం ఆ నియమంలో సడలింపు ఉండకూడదు. 2023 మే నెలలో లామార్ లోయలో నది దాటుతూ తల్లి నుంచి విడిపోయిన ఒక బైసన్ దూడను ఒక సందర్శకుడు చేతులతో ఒడ్డుకు, రోడ్డు వరకు నెట్టాడు. జాలితోనే చేశాడు. ఆ తరువాత మంద ఆ దూడను చేర్చుకోలేదు. మళ్లీ మళ్లీ కలపడానికి సిబ్బంది చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. అది కార్ల వెంట, మనుషుల వెంట తిరుగుతూ ఉండటంతో చివరకు దాన్ని చంపవలసి వచ్చింది. ఈ వేసవిలో అక్కడికి వెళ్లే తెలుగు కుటుంబాలు పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. మంచి దుర్భిణి ఒకటి వెంట తీసుకువెళ్లాలి, చూడవలసిన చోట్ల జాబితాలో సగం కొట్టేసి ఒకే లోయ దగ్గర ఒక ఉదయమంతా కూర్చోవాలి, చుక్క చుక్కగానే ఉన్నా ఫరవాలేదనుకోవాలి.

వెళ్లగొట్టిన ప్రజల విషయంలో చేయవలసింది వేరే ఉంది. 1870లో ఎల్లోస్టోన్‌ను పరిశీలించిన బృందానికి రక్షణగా వెళ్లిన లెఫ్టినెంట్ గుస్తావస్ డోన్ పేరు అక్కడి ఒక శిఖరానికి పెట్టారు. అదే ఏడాది జనవరిలో మరయాస్ నది ఒడ్డున, మశూచి సోకి ఉన్న పీగన్ బ్లాక్‌ఫీట్ శిబిరం మీద జరిగిన దాడిలో ఆయన పాల్గొన్నాడు; ఆ దాడిలో కనీసం 173 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది స్త్రీలు, వృద్ధులు, పిల్లలు. ఉద్యానవనానికి నూట యాభై ఏళ్లు నిండిన 2022లో ఆ శిఖరం పేరును ఫస్ట్ పీపుల్స్ మౌంటెన్‌గా, అంటే తొలి ప్రజల పర్వతంగా మార్చారు. ఆదివాసీ జాతుల నాయకులు 2017లో చేసిన వినతిలో మరో కోరిక కూడా ఉంది. ఆగస్టులో బైసన్లు గర్జించే ఆ లోయకు హేడెన్ పేరు తీసి బఫెలో నేషన్స్ వ్యాలీ అని, అంటే బైసన్‌తో బతికిన జాతుల లోయ అని పెట్టాలని వారు అడిగారు. ఆ కోరికను మన్నించడమే న్యాయం.